బటన్ నొక్కితే జోనెల్

ఆర్లో ప్రతి గురువారం మా ఊరి మ్యూజియానికి, అదే బండిబాట కేంద్రానికి వెళ్ళి, అక్కడి చక్రాలకు కందెన రాసి వస్తాడని ఎనిమిదేళ్ళుగా నమ్మాను. అక్కడున్నవి మూడు బండ్లు. వెనకటి రోజుల్లో పడమటికి వలసపోయినవాళ్ళవి. అంగుళం కదలని బండ్లకు వారం వారం కందెన దేనికని మొగుణ్ణి అడగాలని నాకు తోచనే లేదు. నా తెలివి అలా తెల్లారింది.

మా ఊరివాళ్ళెవరూ ఆ కేంద్రంలో అడుగు పెట్టరు. ఎండాకాలంలో దారినపోయే కార్లవాళ్ళు మా వయోమింగ్ రాష్ట్రపు గాలికి విసిగి లోపలికి దూరతారు. బండ్లు చూసి, బాత్రూముకు వెళ్ళి, పోతారు. నేనూ వెళ్ళేదాన్ని కాదు. ఆ గురువారం ఆర్లో కళ్ళజోడు బల్లమీద మరిచిపోయాడు కాబట్టి వెళ్ళాను.

రెండో బండి దగ్గర నిలబడి ఉన్నాడు. కందెన డబ్బాకు మూత కూడా తియ్యలేదు. గోడకున్న బటన్ నొక్కాడు. ఒక ఆడగొంతు మొదలైంది. అప్పట్లో ఆ బాటన వెళ్ళినావిడ రాసిపెట్టుకున్న మాటలవి. దారిలో కలరా సోకి చెల్లెలు పోయిందట. బాట నడిమధ్యలోనే పాతిపెట్టి, తోడేళ్ళు వాసన పట్టి తవ్వకుండా బండ్లన్నీ ఆ మట్టి మీదుగానే నడిపించారట. అది అయిపోగానే ఆర్లో మళ్ళీ నొక్కాడు. ఆ తర్వాత మళ్ళీ నొక్కాడు.

ట్రూడీ నా పక్కకు వచ్చింది. కేంద్రాన్ని నడిపేది ఆమే, టిక్కెట్లు చింపేదీ ఆమే.

“ఎవరిదా గొంతు? బాగానే చదివింది” అన్నాను.

“అయ్యో, మీకు తెలీదా మావిస్ గారూ? జోనెల్ గారిదేగా! కేంద్రం తెరిచినప్పుడు చదివారు.”

జోనెల్ ఆర్లో మొదటి భార్య. ఆమె పోయిన రెండేళ్ళకు నన్ను చేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె పేరు మా ఇంట్లో ఒక్కసారి ఎత్తలేదు. ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. మర్యాదా పాడా! ఆమెను కలుసుకోవడానికి వేరే చోటు చూసుకున్నాడు, అంతే.

నాకు ఒళ్ళు భగ్గుమంది. బతికున్నదానితో తిరిగితే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. గోడలో ఉన్నదాన్ని ఏం చెయ్యను?

“గరగరమంటోందే” అన్నాను.

“పాతబడిపోయిందండీ. ఈ చలికాలం అన్నీ కొత్తగా చదివిద్దామనుకుంటున్నాం. చదివేవాళ్ళే దొరకడం లేదు.”

“నేను చదువుతాను.”

“నిజంగానా! ఏది చదువుతారు?”

“అదే.”

ట్రూడీ నన్ను చూసింది, ఆర్లోను చూసింది. “ఆర్లో గారిని ఒక్క మాట అడిగి...”

“ఆయన్నెందుకు? ఆ బండి ఆయన కట్నంగా తెచ్చుకున్నాడా?”

రాత్రి భోజనాల దగ్గర ఆర్లోకి చెప్పాను. వద్దని బతిమాలితే ఏమనాలో ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను. “మంచిదే” అని ఉప్పు ఇటు జరపమన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది.

చలికాలం వచ్చింది. ట్రూడీ నన్ను సోమవారాలు వచ్చి పాతది విని నేర్చుకోమంది. విన్నాను. విని విని జోనెల్ ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ గొంతు జీరబోయిందో అంతా వంటబట్టింది. ఆ జీరబోయిన చోట నిజంగా ఏడ్చిందా, లేక ఆ రోజు జలుబు చేసిందా? జలుబేనని తేల్చుకున్నాను. నేను చదివినప్పుడు ఎక్కడా వణకలేదు, ఒక్క మాట మింగలేదు.

“చక్కగా వచ్చిందండీ, వార్తలు చదివినట్టుంది” అంది ట్రూడీ. పొగిడిందో దెప్పిందో తెలియలేదు. పాతది చెరిపేసి కొత్తది ఎక్కించేదాకా దగ్గరే నిలబడి మరీ ఇంటికొచ్చాను.

ఆ గురువారం సిగ్గు లేకుండా మూడో బండి చాటున దాక్కున్నాను. ఆర్లో వచ్చి బటన్ నొక్కాడు. నా గొంతు వచ్చింది. కదలకుండా చివరిదాకా విన్నాడు. ఇంకోసారి నొక్కుతాడేమోనని చక్రం సందులోంచి చూశాను. నొక్కలేదు. డబ్బా మూత తీసి, చక్రాలన్నిటికీ శ్రద్ధగా కందెన రాశాడు.

మరుసటి గురువారం ఇంట్లోనే ఉండిపోయాడు. నేను గెలిచానని రూబార్బ్ పై అనే తీపి వంటకం చేశాను.

“ఏం, ఇవాళ వెళ్ళవా?” అన్నాను, ఏమీ ఎరగనట్టు.

“ఎందుకు? అవి కాలిఫోర్నియాదాకా నడిచేంత కందెన పూశాగా.” పెట్టిన ముక్క ముట్టుకోలేదు. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. “మావిస్, కోప్పడవుగా?”

“ముందు విషయం చెప్పు. తర్వాత చూద్దాం.”

“నువ్వు సోమవారాలు వెళ్ళి విన్నావట, ట్రూడీ చెప్పింది. నాకు మాటలన్నీ గుర్తున్నాయి. జోనెల్ ఆ మాటలు పలికే తీరే జారిపోతోంది. పొద్దుట్నించీ తంటాలు పడుతున్నా, రావడం లేదు. చెల్లెలి మీంచి ఆఖరి బండి వెళ్ళాక ‘ఇక పదండి’ అంటుంది చూడు, అది ఎలా అనేది?”

ఆ పళ్ళెం ఆయన నెత్తికేసి కొడదామనిపించింది. నాకూ గుర్తులేదంటే అక్కడితో తీరిపోయేది. కానీ నాకు గుర్తుంది. జోనెల్ గొంతు ఈ భూమ్మీద ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉంది, ఆయన దగ్గర లేదు. ఆ గర్వం నన్ను నోరు మూసుకోనివ్వలేదు.

“ఒక్కసారి అనవే” అన్నాడు.

ఆమె తీసుకున్న చోటే ఊపిరి తీసుకున్నాను. ఆమె గొంతు జీరబోయిన చోటే నాదీ జీరబోనిచ్చాను. “ఇక పదండి” అన్నాను.

ఆర్లో బల్ల మీదుగా నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను ఎన్నడూ అలా పట్టుకోలేదు. కళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాడు.

“ఇంకోసారి” అన్నాడు.