గుర్వయ్య మర్చిపోయిన నీడ

నల్లగొండల ఒక ఎరువుల దుకాణం మీది అంతస్తుల లోకల్ ఛానల్ స్టూడియో ఉన్నది. పొద్దుగాల తొమ్మిదింటికి దాని తాళం తీసేది లైట్‌మ్యాన్ ఎల్లస్వామి. మొహానికి ఎదురుంగ, జర పక్కకు పెద్ద లైటు పెడతడు. రెండో పక్క దానికి సగం వెలుగున్న చిన్న లైటు, వెనుక నుంచి భుజాల మీదికి ఇంకోటి. వెలుగు మెత్తగ పడనీకి లైటు ముందట బటర్ పేపరు, దానికి బట్టలారేసే క్లిప్పులు. ఇరవై ఏండ్ల సంది ఇదే పని. మనిషికి రెండు నీడలు పడ్డయంటే లైట్‌మ్యాన్‌కు పని రాదన్నట్టే అంటడు. యాంకరు ప్రణీత కుర్చీ జానెడు జరిపినా ఊకోడు.

రెండో లైటు వెయ్యంగనే గోడ మీది నీడ ఊడి కింద పడుతది. దాన్ని తువ్వాల లెక్క మడతపెట్టి, పేరు రాసి, బయట కొక్కేనికి తగిలిస్తడు. పోయేటప్పుడు ఎవల నీడ వాళ్లు తీస్కపోవాలె. మెట్ల కాడ చెప్పులు మర్చిపోరు గని నీడలు మర్చిపోతరు, ఏం మనుషులో!

దసరా ముందట కేతేపల్లి దిక్కు నుంచి గుర్వయ్య అనే గొర్ల కాపరి వచ్చిండు, గొర్ల రోగాల గురించి మాట్లాడనీకి. గొంగడి తియ్యమని ప్రణీత ఎంత చెప్పినా తియ్యలె. నల్ల గొంగడి వెలుగంత మింగుతాంటే ఎల్లస్వామి వెనుక లైటు పెంచి భుజాలు కనబడేటట్టు చేసిండు. మాట్లాడుడు అయిపోంగనే బస్సు పోతదని గుర్వయ్య ఉరికిండు. నీడ కొక్కేనికే ఉండిపోయింది. ఫోన్ చేస్తే, గొర్లకు నేనున్న గద, నీడ మల్ల వచ్చినప్పుడు తీస్కుంట అన్నడు.

మల్ల రాలె. దీపావళి దాటినంక గుండె ఆగి పోయిండు.

గప్పటి సంది గొర్లు దొడ్డి దాటలె. భార్య సైదమ్మ పిలిచినా, కట్టెతోటి అదిలించినా కాళ్లు ముడుసుకొని పండుకునుడే. మేత కోసుకొచ్చి ఎన్ని దినాలు వేస్తది? ఐతారం బేరగాన్ని తీస్కొస్త, అన్ని అమ్మేద్దమని మరిది లింగస్వామి చెప్పిండు. పెండ్లైన కాన్నుంచి గొర్ల వెంటనే తిరిగిన మనిషి సైదమ్మ. అవి పోతే ఎందుకు లేవాలెనో, యాడికి పోవాలెనో ఆమెకు సమజ్ కాలె. నీడ స్టూడియోల మర్చిపోయిన అని ఆయన చెప్పిన మాట యాదికొచ్చి, శనివారం బస్సెక్కి నల్లగొండ వచ్చింది.

అప్పటికి స్టూడియోల కొత్త ఎల్‌ఈడీ పలకలు పెట్టిండ్రు. వాటి కింద నీడనే పడదు. కొక్కేలు పీకెయ్యమని మేనేజరు రెండుసార్లు చెప్పినా ఎల్లస్వామి వినలె.

“మా ఆయన నీడ ఉన్నదా తమ్మీ?”

“ఉన్నదక్కా. పారెయ్య చేతులు రాలె.”

విప్పి చూస్తే పాత చీర లెక్క వెలిసిపోయింది. సైదమ్మ ఏడ్చింది. ఎల్లస్వామి మూలకున్న పాత వెయ్యి వాట్ల లైటు తెచ్చి, బటర్ పేపరు తీసేసి, దాని రేకు రెక్కలు సగం మూసి, కడమ లైట్లన్ని ఆర్పి, నీడను ఆ వెలుగుల పరిచిండు. దుమ్ము కాలిన వాసన వచ్చింది. మెల్లగ గొంగడి అంచు తేలింది, ఆనక భుజం మీది కట్టె. నీడ మంచిగ నల్లబడ్డంక దాన్ని రెండు క్లిప్పులతోటి ఆమె చీర అంచుకు పెట్టిండు.

“మిట్టపగలు కాళ్ల కిందనే ముద్దయితది అక్కా. పొద్దుగాల, పొద్దుమూకంగ పొడుగ్గ పడుతది.”

“మిట్టపగలు గొర్లు గూడ పండుకుంటయి లే,” అన్నది సైదమ్మ.

ఐతారం లింగస్వామి బేరగానితోటి వచ్చేసరికి దొడ్డి ఖాళీగ ఉన్నది. వదిన యాడికి పోయిందని పక్కింటి గోపమ్మను అడిగిండు.

“మీ అన్న తోలుకపోయిండు,” అన్నదామె, చాట పక్కకు పెట్టకుంటనే. బేరగాడు చాయ్ తాగి పోయిండు.

ఇంకో వారానికి ఎల్లస్వామి సూర్యాపేట బస్సుల పోతాంటే, కేతేపల్లి దాటినంక రోడ్డు పక్క చెల్కల నడుసుకుంట పోతున్న సైదమ్మ కనబడ్డది. పొద్దుమూకుతాంది. ఆమె వెనుక రెండు నీడలు, చీరది ఒకటి, గొంగడిది ఒకటి. రెండిట్ల తలకాయలు పెట్టి గొర్లు నడుస్తున్నయి. ఎల్లస్వామి గా రెండు నీడలను కిటికీల నుంచి కనబడినంత సేపు చూసిండు. ఇరవై ఏండ్లల్ల మొదటిసారి తప్పు పట్టలె.