సీటు కింద జాయింటు

బండిని వరండా చివర షెడ్డులో నిలబెట్టిన రోజున అక్క బావకీ నాకూ చెరొక పని అప్పజెప్పింది. అప్పటికి ఆమెకు ఏడో నెల, కాన్పు సెలవు మొదలైంది. పరీక్షలు అయిపోయి, ఆమెకు సాయంగా ఉందామని నేను మా ఊరినుంచి వచ్చి నాలుగు రోజులైంది.

అక్కది పశువుల ఆసుపత్రిలో టీకాలు వేసే ఉద్యోగం. ఆరు ఊళ్ళు ఆమె రూటు. ఏ ఇంటి ఆవు తన్నుతుందో, ఏ ఇంటి కుక్క ముందు మొరిగి తరువాత తోక ఊపుతుందో ఆమెకు కంఠతా. ఆ ఊళ్ళకు బస్సు లేదు. బండి తిరిగితేనే రూటు.

"ఏవండీ, ఆదివారం ఆదివారం దీన్ని జానెడు జరపాలి మీరు. ఒక వారం ముందుకి, ఒక వారం వెనక్కి. ఐదు నెలలు ఒకేచోట నిలబడితే టైర్లు అడుగున చదునైపోతాయి," అంది బావతో.

"జరుపుతాను. నన్ను నువ్వు రోజూ జరపట్లేదూ?" అన్నాడు బావ.

నాకు చార్జర్ చూపించింది. అరచేయంత నల్లపెట్టె, గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. దాని వైరు బండి సీటు కిందికి వెళ్ళి, అక్కడ బ్యాటరీ నుంచి వచ్చే మరో వైరుతో ఒక ప్లాస్టిక్ జాయింటు దగ్గర కలుస్తుంది.

"ఎర్రలైటు వెలిగితే బ్యాటరీ తింటోందని. పచ్చలైటు వెలిగితే కడుపు నిండిందని. ఎప్పుడూ పెట్టే ఉంచొచ్చు, ఎంత కావాలో అంతే ఇస్తుంది. నువ్వు రోజూ లైటు చూస్తూ ఉండు, చాలు."

చూశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చూసినట్టు గుర్తుగా కాలెండరులో ఆ తేదీ పక్కన టిక్కు పెట్టేదాన్ని. మధ్యలో పాప పుట్టింది. బుడ్డిది రాత్రీ పగలూ తేడా లేకుండా ఏడ్చి ఇంట్లో అందరి నిద్రనూ ముక్కలు ముక్కలు చేసింది. అయినా నా టిక్కు ఒక్కటీ తప్పలేదు. బావ ఆదివారం ఒక్కటీ తప్పలేదు.

సెలవు ముగుస్తుందనగా ఆసుపత్రినుంచి కాగితం వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు పెట్టిన నియమం: సెలవు మీద నుంచి వచ్చేవాళ్ళు మొదటిరోజునే బండి తీసుకురావాలి, అది నడుస్తున్నట్టు ఆయన కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. లేకపోతే, సెలవులో వాళ్ళ బదులు తిరిగిన మనిషికే ఆ రూటు ఉండిపోతుంది.

"అప్పుడు నన్ను మందుల గదిలో కూర్చోబెడతారు. సీసాల మీద దుమ్ము తుడుచుకుంటూ బతకలేనే నేను," అంది అక్క.

సోమవారం ఎనిమిదికి చేరాలి. శనివారం మధ్యాహ్నం పాపను నా చేతికిచ్చి, బండి మీద పట్టా తీసి, తాళంచెవి తిప్పింది.

ఏమీ వెలగలేదు. సెల్ఫు బటను నొక్కింది. టక్కుమని కూడా అనలేదు. కిక్కు లేని బండి అది.

"లైటు పచ్చగానే ఉందా?"

"పచ్చగానే ఉందక్కా. పొద్దున కూడా చూశాను."

ముగ్గురం గోడవైపు తిరిగాం. పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది.

తోసి స్టార్టు చేద్దామని బావ వీధి ఈ చివరినుంచి ఆ చివరికి రెండుసార్లు తోశాడు. చెమటలు కారాయి తప్ప బండి దగ్గు కూడా దగ్గలేదు. దాన్ని మళ్ళీ షెడ్డులో పెట్టి, మలుపులో ఉన్న పానా మావయ్యను పిలుచుకొచ్చాడు. ఆయనది బళ్ళు బాగుచేసే కొట్టు. ఎక్కడికి వెళ్ళినా వెనక జేబులో పానా ఉంటుంది కాబట్టి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది.

"బ్యాటరీలో చుక్క లేకపోతే దీనికి పెట్రోలు పంపే తిరగదు. తోసి ఏం లాభం నాయనా, నీ ఒళ్ళు తగ్గడానికి తప్ప?" అంటూ ఆయన సీటు ఎత్తాడు. లోపలికి తొంగిచూసి, ఒక చేత్తో బ్యాటరీ వైరు పైకి లాగాడు. రెండో చేత్తో గోడమీది చార్జర్ వైరు ఎత్తి పట్టుకున్నాడు. రెండు కొసలూ గాలిలో ఊగుతున్నాయి.

"ఇవాళ తోసినప్పుడు ఊడిందేమో," అన్నాడు బావ, కొంచెం ఆశగా.

"కొసలోపల దుమ్ము చూడు, సాలెపురుగు కాపురం పెట్టింది. నెలలైంది ఊడి."

"మరి పచ్చలైటు?" అన్నాను.

"వైరుకి అవతల ఏమీ లేకపోయినా ఈ రకం పెట్టె పచ్చగానే చూపిస్తుంది అమ్మాయ్. గోడకి పండగ, బ్యాటరీకి పస్తు."

బావ మెడ గోక్కున్నాడు. "ఒక ఆదివారం వెనక్కి జరుపుతుంటే ఏదో పుటుక్కుమంది. స్టాండు అనుకున్నాను. బుడ్డిది ఇంటికొచ్చిన వారం."

అంటే రెండున్నర నెలలు. ఆయన వైరు చూడకుండా టైరు చూశాడు, నేను వైరు చూడకుండా లైటు చూశాను. అక్క చెప్పింది చెప్పినట్టే చేశాం ఇద్దరం. కాలెండరు వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

మావయ్య కొసలు తుడిచి జాయింటు కలిపాడు. లైటు మారలేదు. పచ్చగానే ఉంది.

"అయితే పోయినట్టేనా?" అంది అక్క. నా చంకలో ఉన్న పాప చెయ్యి పట్టుకుంది.

"అప్పుడే పాడె కట్టకు. ఛార్జి మరీ అడుక్కి దిగిపోయింది. ఇంత నీరసంగా ఉంటే ఈ పెట్టె దాన్ని బ్యాటరీ అనే అనుకోదు, పట్టించుకోదు. పక్కన గట్టిదాన్ని నిలబెట్టి పరిచయం చేయాలి."

కొట్టునుంచి ఒక మంచి బ్యాటరీ, రెండు లావు వైర్లు తెచ్చాడు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపాడు. గోడమీద లైటు ఒక్కసారి ఆరి, ఎర్రగా వెలిగింది.

"తింటోంది!" అన్నాను గట్టిగా. బుడ్డిది ఉలిక్కిపడింది.

"ఆగు, ఇంకా పక్కవాడి చెయ్యి పట్టుకునే ఉంది." పావుగంట అయ్యాక ఆయన మంచి బ్యాటరీ వైర్లు తీసేశాడు. అందరం గోడవైపు చూశాం. లైటు ఎర్రగానే ఉంది.

అక్క మెట్టుమీద కూలబడి నవ్వింది.

"పోయిన ఏడాది వేసిన బ్యాటరీ కాబట్టి తట్టుకుంది," అన్నాడు మావయ్య. "పచ్చగా మారాక జాయింటు తీసేసి రెండు గంటలు ఆగండి. ఆ తరువాత కూడా సెల్ఫు అందుకుంటే బతికినట్టే. బాగా వేడెక్కితే మాత్రం వెంటనే ప్లగ్గు పీకేయండి."

ఆదివారం పొద్దున కూడా ఎర్రగానే ఉంది. గంటకొకసారి వెళ్ళి బ్యాటరీ మీద అరచెయ్యి ఆనించాను. నిద్రపోతున్న పాప అరికాలంత వెచ్చన, అంతకు మించలేదు.

"ఇవాళ ఆదివారం. జరపనా?" అన్నాడు బావ గుమ్మంలోంచి.

"దాని మీద చెయ్యి వేసి చూడండి చెబుతాను," అంది అక్క లోపలినుంచి.

మూడు దాటాక లైటు పచ్చగా మారింది. నేను ఎవరినీ పిలవలేదు. ముందు సీటు కింద చెయ్యి పెట్టి జాయింటు తడిమాను. కరుచుకునే ఉంది. అప్పుడు పిలిచాను.

జాయింటు తీసి రెండు గంటలు ఆగాం. ఐదు దాటాక అక్క తాళంచెవి తిప్పింది. మీటరు ముల్లు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. బటను నొక్కింది. ఇంజను మూలిగింది. రెండోసారి నొక్కితే అందుకుంది.

షెడ్డంతా పొగ. బుడ్డిది ఏడవలేదు, కళ్ళు ఇంతలు చేసుకుని చూసింది. మలుపులో పానా మావయ్య కొట్టు బయటికి వచ్చి పానా పైకెత్తి ఊపాడు. అక్క ఆపింది, మళ్ళీ స్టార్టు చేసింది. మళ్ళీ ఆపి మళ్ళీ చేసింది.

"చాలు తల్లీ, రేపటికి కూడా కాస్త మిగల్చు," అన్నాడు బావ.

సోమవారం ఏడింటికే బయలుదేరింది. పదిన్నరకు ఫోను మోగితే బావా నేనూ ఒకేసారి చెయ్యి చాపాం. బావ స్పీకరు పెట్టాడు.

"సంతకం పెట్టాడే!" అంది అక్క. "బండి స్టార్టు చేయించి, చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఐదు నెలలు నిలబడ్డ బండికి టైర్లు ఇంత గుండ్రంగా ఉన్నాయేంటమ్మా అన్నాడు."

బావ మొహం వెలిగిపోయింది. "విన్నావా? టైర్లు!"

"బ్యాటరీ గురించి ఏమీ అడగలేదా అక్కా?"

"అడగలేదు. నేనూ నోరెత్తలేదు. ఉండవే, మొదటి ఊళ్ళో ఉన్నాను. ఆ తన్నే ఆవు నన్ను గుర్తుపట్టినట్టుంది..." వెనక ఏదో బిందె దొర్లిన చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి. ఫోను కట్టయింది.

బావ టైర్ల సంగతి చెప్పడానికి మావయ్య కొట్టుకు వెళ్ళాడు. నేను పాపను పక్కన వేసుకుని పడుకున్నాను. చాలా రోజుల తరువాత ఇద్దరికీ ఒకేసారి నిద్ర పట్టింది. ఆ రోజు కాలెండరులో టిక్కు పెట్టలేదు.