విశ్వాసమ్మ ఎంచిన జనరేటర్

కల్లూరులో కొత్త ఇంట్లో చేరిన మూడో నెలలో విశ్వాసమ్మ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంది. సరిగ్గా ఆ రోజే పొద్దున ఎనిమిదింటికి కరెంటు పోయింది. లైను మారుస్తున్నారట, సాయంత్రం దాకా రాలేదు. ట్యాంకు అడుగంటింది. వచ్చిన నలభై మంది చేతులు కడుక్కోవడానికి పక్కింటి సంపులోంచి బిందెలు మోయాల్సి వచ్చింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆగి, కొడుకు జయకుమార్‌ను బండి తీయమని కర్నూలులో జనరేటర్ల దుకాణానికి బయలుదేరింది.

"కొంటే పెద్దది కొందాం మా. పది కేవీఏ డీజిలుది" అన్నాడు బడిపంతులైన జయకుమార్ దారిలో.

"రెండు గదుల ఇంటికి అంతదా? డీజిలు ఇంజనుకు చాలినంత పని ఇయ్యకపోతే నల్ల పొగ కక్కుతాది నాయనా."

దుకాణం యజమాని భూపేష్ ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, బోరు మోటారు లెక్క అడిగి కాలిక్యులేటర్ నొక్కాడు. "ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారంటే పదకొండు వందల వాట్లమ్మా. అన్నీ కలిపినా రెండు వేలు దాటదు. మూడు కేవీఏ పెట్రోలుది శానా ఎక్కువ మీకు."

విశ్వాసమ్మ నవ్వింది. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పాలిష్ మిషన్ నడిపిన మనిషి ఆమె. మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ షెడ్డులో బల్బులన్నీ మసకబారడం చూసింది.

"పదకొండు వందలు తిరిగేటప్పుడప్పా. లేసేటప్పుడో? మూడింతల పైనే గుంజుతాది."

"తట్టుకుంటాదమ్మా, నాదీ గ్యారంటీ."

"నోటిమాట నాకొద్దు. ఈ మూడు కేవీఏదీ, ఆ పక్కనుండే ఐదుదీ, రెంటినీ ఎత్తుకొని మా ఇంటికి రా. ఏది మా మోటారును లేపుతాదో దాన్నే కొంటా."

భూపేష్ కాసేపు నసిగాడు. ఆమె కదిలేలా లేదని తెలిసి సరేనన్నాడు.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. దుకాణం మెకానిక్ ఇంటి మెయిన్ ఆపి, మోటారు వైర్లను ముందు మూడు కేవీఏదానికి కలిపాడు. జనరేటర్ నడిపి మోటారు స్విచ్ వేయగానే ఇంజను మూలిగి, ఒక్కసారిగా ఆగిపోయింది. రెండోసారీ అంతే.

"పెట్రోలు తక్కువుండాదేమో" అన్నాడు భూపేష్.

"నిండా ఉండాది. మూత తీసి చూసినా."

ఐదు కేవీఏది కలిపారు. స్విచ్ పడగానే ఇంజను చప్పుడు కాస్త దిగి, వెంటనే నిలదొక్కుకుంది. కాసేపటికి ట్యాంకులో నీళ్లు దబదబా పడ్డాయి. విశ్వాసమ్మ తల వంచి చప్పుడు విని, ఫ్రిజ్, ఫ్యాన్లు కూడా దానికే కలిపించి వేయించింది. ఇంజను తడబడలేదు.

"ఇది చాలు" అంది.

మెట్ల కింద ఖాళీ చూపించి, ఇక్కడ పెట్టేద్దామా అని మెకానిక్ అడిగాడు.

"ఆ పొగ ఇంట్లోకి వస్తే మనుషులు మిగులుతారా? వెనక గోడ కాడ పెట్టు. పైన రేకు నేను వేయిస్తా. ఇంకోటి, చేంజోవర్ స్విచ్ లేకుండా వైరు తగిలియ్యద్దు. మన జనరేటర్ కరెంటు వీధి లైన్లోకి పోతే స్తంభం మీదుండే వాని ప్రాణం పోతాది."

భూపేష్ తల ఊపి, తనే ఆటోలోంచి స్విచ్ పెట్టె దించాడు.

వాళ్లు వెళ్లాక జయకుమార్ జనరేటర్ స్టార్టు చేసే తాడు పట్టుకుని లాగాడు. నాలుగుసార్లు లాగినా ఇంజను అందుకోలేదు.

"భుజంతో కాదు రా, నడుముతో లాగు" అని చెప్పి, విశ్వాసమ్మ తాడు తన చేతిలోకి తీసుకుంది.