నేను పెట్టని బ్యాటరీ

నా కాలు ఎలా విరిగిందో ముందే చెప్పేస్తాను. లేకపోతే మా అక్కయ్య ఇంకోలా చెప్తుంది.

అక్కయ్య ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు బాగుచెయ్యడం నా పని. ఐదో క్లాసులో బడి నన్ను వదిలేసిన దగ్గర్నుంచీ అదే చేస్తున్నా. స్టూలెక్కాను, పనైపోయింది. ఇంక దిగొచ్చు కదా? కింద అక్కయ్యా, దాని కూతురూ తలలెత్తి చూస్తుంటే ఊరికే ఎలా దిగుతాం! కరెంటు కొట్టినట్టు గడగడా వణికాను. కళ్ళు తేలేశాను. నేను నటించాను గానీ స్టూలు నటించలేదు.

నేల మీద పడి "కాలు, కాలు" అని అరుస్తుంటే ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"ఈసారి బాగా చేశావురా," అంది అక్కయ్య.

వాళ్ళు నమ్మడానికి పావుగంట పట్టింది. అదీ నా పాదం అటు ఉండాల్సింది ఇటు తిరిగి ఉందని చూశాక.

తొడ నుంచి వేళ్ళ దాకా కట్టు, రెండు నెలలు కదలకూడదన్నారు. అక్కయ్య ఉండేది నాలుగో అంతస్తు. లిఫ్టు ఎప్పుడో చచ్చింది. నలుగురు మనుషులు నన్ను కుర్చీలో మోసుకొచ్చి పైన పడేసి వెళ్ళారు. దింపాలంటే మళ్ళీ నలుగురు దొరకాలి, ఎవరు దొరుకుతారు? అంతే. ఒక గది, ఒక మంచం, ఒక ఇనప తలుపు, ఆ తలుపు అవతల చాప పరిచినంత బాల్కనీ. గోడకున్న పగులు మొదటి వారం నదిలా కనపడేది, రెండో వారం పాములా కనపడింది, మూడో వారానికి మా అక్కయ్యలా కనపడటం మొదలెట్టింది.

అక్కయ్య కూతుర్ని నేను అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు. పుట్టిన రోజునే నా వేలు పట్టుకుని గిల్లింది. అప్పట్నుంచీ అది కందిరీగ. ఇప్పుడు దానికి ఇరవై రెండు. అట్టపెట్టెల షెడ్డులో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే బల్ల ముందు నిలబడి పెట్టెలకి చీటీలు అంటించడం. షెడ్డుకి కిటికీ కూడా లేదు. ఇంటికొచ్చాక కూడా దాని బొటనవేలు చీటీ అంటిస్తున్నట్టు కదులుతూనే ఉండేది. నాకు మంచం, దానికి బల్ల. జైలు గదులు వేరు, శిక్ష ఒకటే.

ఒకరోజు అది ఎగురుకుంటూ వచ్చింది.

"మావయ్యా, ఒక కంపెనీ మనుషుల్ని తీసుకుంటోంది. పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి, వంతెనల కిందకి డ్రోన్లు పంపించి పగుళ్ళు చూస్తారంట. ఇరుకు సందుల్లోంచి వేగంగా నడపగలిగితే చాలంట, చదువు అక్కర్లేదంట. పరీక్ష మన ఎదురు గ్రౌండులోనే. డ్రోను మాత్రం మనమే తెచ్చుకోవాలి."

"పగుళ్ళు చూడ్డమైతే నన్ను తీసుకోమను. మూడు వారాల అనుభవం ఉంది."

"నీకు టంకం పెట్టే చెయ్యి ఉంది కదా. నాకు అది కావాలి."

అన్నిటికన్నా చవక కిట్టు ఏదో వెతికి, రెండు సెట్లు తెప్పించింది. పెట్టె తెరిస్తే నాలుగు చేతుల నల్ల ఫ్రేము, బొటనవేలంత మోటార్లు, బిస్కెట్టంత బోర్డు, బఠాణీ గింజంత కెమెరా, చీమలు పాకినట్టు అక్షరాలున్న కాగితం. టంకం పొగ ఇంట్లో వద్దని అక్కయ్య నన్ను బాల్కనీలోకి తోసింది. అక్కడే చిన్న బల్ల వేసుకుని, కట్టు కాలు బోర్లించిన బకెట్టు మీద పెట్టుకుని కూర్చున్నా. కందిరీగ చదివేది, నేను అతికేవాణ్ణి.

నాలుగు మోటార్లలో ఒకటి తిరగబడి తిరిగింది. కందిరీగ కాగితం అటూ ఇటూ తిప్పి వెతుకుతోంది. ఈలోపు నేను ఆ మోటారుకున్న మూడు తీగల్లో రెండిటిని అటుదిటు మార్చి అతికేశా. చక్కగా తిరిగింది.

"ఇది ఎక్కడ రాసుంది మావయ్యా?"

"పిండి మర మోటార్లో."

మొదటిసారి ఎగరేసినప్పుడు డ్రోను కెమెరా చూసేదంతా కనపడే కళ్ళజోడు నాకు పెట్టింది. అది రిమోటు నడుపుతోంది, నేను చూస్తున్నా. నెల తర్వాత చెట్లు దగ్గరగా చూశాను. కింది అంతస్తు టైలరు బట్టతల చూశాను. తర్వాత బొమ్మ మా బిల్డింగు వైపు తిరిగింది. ఒక చిన్న బాల్కనీ, అందులో తెల్ల కాలు చాపుకుని ఎవడో మనిషి. వీడెవడో, పాపం అనుకున్నా. నేనే. ఆ రోజంతా నేను ఎవర్నీ ఏడిపించలేదు. జ్వరమొచ్చిందేమోనని అక్కయ్య నుదురు పట్టుకుని చూసింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అంటారు కదా. మర్నాటికి సర్దుకున్నా.

గ్రౌండులో ఎగరేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. బ్యాటరీ తగిలించే ముందు "పెట్టనా?" అని గట్టిగా కేకెయ్యాలి. గాల్లో ఉన్నవాళ్ళు "పెట్టు" అంటేనే పెట్టాలి. ఎందుకంటే రేడియో స్టేషన్లకున్నట్టు కెమెరాలకీ నంబర్లుంటాయి, ఒకే నంబరు మీద రెండు కెమెరాలు నడిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాని కళ్ళజోడులోకి దూరిపోతుంది. గాల్లో నడిపేవాడికి దారి పోయి ఇంకేదో కనపడుతుంది. మా రెండు డ్రోన్లకీ ఒకటే నంబరు. మార్చే బొత్తం రెండిట్లోనూ పనిచెయ్యదు. చవక సరుకు మరి.

ఇదంతా నాకు చెప్పడం కందిరీగ తప్పు.

అది గ్రౌండులో సాధన చేస్తోంది. నేను బాల్కనీలో రెండో డ్రోను చేతిలోకి తీసుకుని, కెమెరా మొహానికి ఆనించి, నాలుక బయటపెట్టి, బ్యాటరీ తగిలించా. దాని కళ్ళజోడు నిండా నా నాలుక! పడీ పడీ నవ్వాను.

అది పైకొచ్చింది. రెండు చేతులు విరిగిన డ్రోనుని నా బల్ల మీద పెట్టింది. తిట్టలేదు.

"నేను గాల్లో ఉన్నాను మావయ్యా. నా కళ్ళు మూసేశావు."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను గుండె పట్టుకుని మూలిగా, చూడలేదు. దండం పెట్టా, చూడలేదు. నాలుగో రోజు రెండో డ్రోను చేతులు విప్పి మొదటిదానికి బిగించి, తలొంచుకుని చెప్పా. "ఇంక నువ్వు పెట్టు అనకుండా పెడితే నా రెండో కాలు కూడా విరగ్గొట్టవే."

"ఒట్టా?"

"ఒట్టు."

నవ్వింది. ఆ తర్వాత మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాలన్నా "పెట్టనా?" అని అరిచేవాణ్ణి. వంటింట్లోంచి "పెట్టు" అని అరిచేది.

పరీక్ష రోజు వచ్చింది. అక్కయ్య క్యాంటీను పనికెళ్ళింది. కందిరీగ కిందకెళ్ళింది. గ్రౌండు చుట్టూ కమానులు పాతారు, వాటిల్లోంచి డ్రోను దూరిపోవాలి. ఒక్కొక్కరికి మూడు చుట్లు, అన్నిట్లో మంచిదే లెక్క. నేను చంకకర్ర ఆనుకుని, కుంటుకుంటూ బాల్కనీలోకొచ్చా. గాలి ఒక్కటి విసిరింది. నా వెనకాల ఇనప తలుపు ధడేల్మని పడింది. దాని వెంటే లోపల్నుంచి ఇంకో చప్పుడు. టక్.

ఆ టక్ నాకు బాగా తెలుసు. తలుపు గట్టిగా కొట్టుకుంటే దానంతటదే పడేలా ఆ గడియని ఆకురాయితో రుద్దింది నేనే. పోయిన ఎండాకాలం అక్కయ్య తడిబట్టలు ఆరేస్తుంటే దాన్ని బయట ఇరికించడానికి పనికొచ్చింది. తర్వాత బాగుచేద్దామనుకుని మర్చిపోయా.

ఫోను లోపల మంచం మీద ఉంది. పక్కనున్న కిటికీ ఊచల్లోంచి కనపడుతూనే ఉంది. చెయ్యి దూర్చా, మోచేతి దగ్గర ఆగింది. చంకకర్ర దూర్చా. అది ఫోనుని ముట్టుకుంది, మంచం కిందకి తోసింది, నా చేతిలోంచి జారి అది కూడా లోపలే పడింది. నా పనితనం అట్లా ఉంటుంది.

కిందకి వంగి టైలర్ని పిలిచా. "అన్నా! గడియ పడింది! పైకొచ్చి తియ్యవా?"

టైలరు తన బాల్కనీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. "పోయినసారి కుక్కర్ పేలిందన్నావు. పరిగెత్తుకొస్తే కాగితం సంచి పేల్చావు. ఇవాళ గడియా?"

"నీ మీద ఒట్టు అన్నా!"

"నా మీద ఎందుకు, నీ మీద వేసుకో," అని తల లోపలికి లాగేసుకున్నాడు. మిషను చప్పుడు మొదలైంది.

ఎండ నేరుగా మొహానికి కొడుతోంది. కాలు కిందకి వేలాడితే నీరు పడుతుంది, ఎత్తులో ఉంచాలి అని డాక్టరు చెప్పాడు. బకెట్టు సరిపోలేదు. కాలి వేళ్ళు నేరేడుపళ్ళ రంగుకొస్తున్నాయి. కుర్చీలో వెనక్కి వాలి కట్టు కాలు తీసి పిట్టగోడ మీద పెట్టా. కింద రోడ్డు మీద ఎవరో నన్ను చూసి సలాం కొట్టారు. దొరగారు సేదతీరుతున్నారనుకున్నారు. దానికి తోడు పొద్దున రెండు పెద్ద గ్లాసులు టీ తాగి ఉన్నా. ఆ సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

బల్ల మీద రెండో డ్రోను ఉంది. రెండు చేతులు లేవు గానీ కెమెరా ఉంది. పక్కనే బ్యాటరీ, నిండా ఛార్జుతో. ఎందుకు ఛార్జు పెట్టావని అడగొద్దు. అది గెలిచాక నా మొహం చూపించి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అనుకున్నా.

కందిరీగ మొదటి చుట్టులో మూడో కమాను తగిలి పడిపోయింది. రెండో చుట్టు పూర్తి చేసింది గానీ మలుపు దగ్గర తడబడింది. మైకులో ఇంకెవరిదో పేరు ముందు చదివారు.

ఇంక ఒకటే ఉంది.

చేతిలో బ్యాటరీ ఉంది. తగిలిస్తే నా మొహం దాని కళ్ళముందు ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకోనప్పుడు తగిలిస్తే గోడకి చూపించినట్టే. పెట్టుకున్నప్పుడు తగిలిస్తే పరుగెత్తుకొస్తుంది, కానీ డ్రోను పడిపోతుంది, మూడో చుట్టు పోతుంది. అది మళ్ళీ ఆ బల్ల ముందుకెళ్ళి చీటీలు అంటించుకుంటుంది. ఇంకా ఎగరకముందే తగిలిస్తే? దానికి గురి తప్పుతుంది. మావయ్య మళ్ళీ మొదలెట్టాడు అనుకుంటూ ఎగరేస్తుంది.

వేళ్ళు తడిమి చూసుకున్నా. బొటనవేలు గిల్లితే తెలియలేదు. మళ్ళీ గిల్లా. బ్యాటరీ తీగ చివర డ్రోను మూతి దగ్గరిదాకా వెళ్ళింది. నా చెయ్యే తీసుకెళ్ళింది, నేను కాదు.

కింద జుయ్యిమని లేచింది దాని డ్రోను. ఎర్ర దీపం. మొదటి కమాను దాటింది. నేను బ్యాటరీని కుడిచేత్తో, డ్రోనుని ఎడమచేత్తో పట్టుకుని, రెండు చేతులూ బార్లా చాపి కూర్చున్నా. దగ్గరుంటే కలిపేస్తానని నాకు తెలుసు. మూడో కమాను. మలుపు. ఈసారి మలుపుని పిల్లి గోడ దూకినట్టు దాటింది. ఎన్ని క్షణాలు పట్టిందో గానీ నేను ఊపిరి తీసుకునేసరికి అది చివరి కమాను దాటేసింది.

మైకులో ఏదో చెప్పారు. గాలికి వినపడలేదు.

బ్యాటరీలో మిగిలినదానితో అది డ్రోనుని మా బిల్డింగు వైపు తిప్పింది. నాకు చూపించుకోవాలని. ఆ కెమెరా పైకి వాల్చి ఉంటుంది, ఎదురుగా నిలబడితే ఆకాశమే కనపడుతుంది. అందుకని కిందనుంచి పాకుతూ వచ్చి బాల్కనీ ముందు ఆగింది. చేతిలోవి ఒళ్ళో పడేసి రెండు చేతులూ ఊపాను. అది రెక్కలూపినట్టు అటూ ఇటూ ఊగి, ఒక పల్టీ కొట్టి వెళ్ళిపోయింది.

నేను సంబరపడుతున్నానని అనుకోదూ మరి! పిట్టగోడ మీద కాలేసుకుని చేతులూపుతున్న మావయ్య. గుండె పట్టుకోనా? రెండుసార్లు వాడేశా. దండం పెట్టనా? వాడేశా. ఏడవనా? ఉల్లిపాయతో అదీ ఐపోయింది. నిజం చెప్పడానికి నా దగ్గర ఒక్క మొహం కూడా మిగల్లేదు.

డ్రోను తిరిగి ఇంకో చుట్టు వచ్చింది. గెలిచిన ఊపు. మళ్ళీ బాల్కనీ కిందనుంచి లేచింది. ఇప్పుడైనా తగిలించొచ్చు, పరీక్ష ఐపోయింది కదా? కానీ అది గాల్లో ఉంది. ఒట్టు ఒట్టే.

బ్యాటరీ ఒక చేత్తో ఎత్తాను. డ్రోను ఇంకో చేత్తో ఎత్తాను. మధ్యలో బారెడు దూరం. తీగ కిందకి వేలాడుతోంది. నవ్వలేదు, ఏడవలేదు, అట్లాగే కదలకుండా ఉన్నా.

డ్రోను ఆగింది. కందిరీగల తుట్టె మొహం ముందు పెట్టినట్టు జుయ్యిమంటోంది. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి రాయిలా కిందకి దిగిపోయింది.

ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. మా బిల్డింగు మెట్లు గోడలు దాటి వినపడతాయి. ఒకటో అంతస్తు, రెండు, మూడు. టైలరు "ఏమ్మా, ఏమైంది?" అంటున్నాడు. తాళం. టక్ అని గడియ పైకి లేచింది.

రొప్పుతూ నిలబడింది. నా కాలి వేళ్ళు చూసి తల పట్టుకుంది.

"ఎట్లా తెలిసిందే నీకు?"

"నీ చేతిలో బ్యాటరీ ఉంది, నా కళ్ళకి జోడుంది. అయినా నువ్వు పెట్టలేదు. ఏదో కొంప మునిగిందనుకున్నా."

"మునగలేదు గానీ, నన్ను ముందు బాత్రూములోకి తోసెయ్యి. లేకపోతే మునుగుతుంది."

చంక కింద భుజం పెట్టి, లోపలికి పడ్డ కర్ర తీసిచ్చి, బాత్రూము దాకా నడిపించింది. తలుపేసుకున్నా. ఆ సుఖం గురించి పుస్తకాల్లో ఎవరూ ఎందుకు రాయరో నాకు తెలీదు. కాలు తీసి గోడకానించా. వేళ్ళు మెల్లగా చిమచిమలాడటం మొదలెట్టాయి.

తలుపవతల్నుంచి గొంతు వినపడింది.

"మావయ్యా."

"ఊఁ."

"సోమవారం నుంచి రమ్మన్నారు. ఊరూరా తిరగాలంట. నెలకి నాలుగు రోజులే ఇంట్లో ఉంటానంట."

నాకింకా పద్దెనిమిది రోజుల కట్టుంది. ఆ గది, ఆ మంచం, ఆ పగులు. ఇంక "పెట్టు" అనేవాళ్ళుండరు.

"విన్నావా? ఏంటి, మాట్లాడవు? బయటికి రావేం?"

మొహం మీద నీళ్ళు కొట్టుకున్నా. సరిపోలేదు, ఇంకోసారి కొట్టుకున్నా.

"ఉండవే," అన్నాను. "గడియ పడిపోయింది."

అది అవతల పగలబడి నవ్వింది. ఆ గడియ నేనే వేసుకున్నాను.