ఊరు తినని కూడు

“ఆ రోలు ఆపవే, లిజనింగ్ టెస్టు పెట్టాను” అన్నాడు శివప్రసాద్ ముందు గదిలోంచి.

ఆపేశాను. అల్లం వెల్లుల్లి సగం నలిగి అలాగే ఉండిపోయింది. టేప్‌రికార్డర్‌లో ఒక ఇంగ్లీషావిడ లైబ్రరీ కార్డు ఎలా తీసుకోవాలో తీరిగ్గా చెబుతోంది. ఆవిడ మాట్లాడటం ముగించిందో లేదో, “వంట ఇంకా అవలేదేటి?” అని కేక. రోలు చప్పుడు కాకూడదు, కూర మాత్రం ఉడికిపోవాలి. రెండూ ఒకేసారి ఎలా అవుతాయి? నిజానికి నా మనసు కూరమీద లేదు. చేతులు కడుక్కుని వెళ్ళి అతని జవాబులు చూశాను. పదింటిలో ఆరు తప్పులు. “ఇవి నీకెలా తెలుసు?” అన్నాడు. “వంటింట్లోకీ వినబడుతుంది కదండీ” అన్నాను. నేనేదో దొంగతనం చేసినట్టు చూశాడు.

అది 2006 వానాకాలం. నేను అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు టీచర్ని. మా ఊరు డుంబ్రిగుడ అవతల, కొండవాలు మీద. అతనిది కింద, శృంగవరపుకోట. అక్కడ కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఆరేళ్ళ కిందట మా బడికి కంప్యూటర్లు బిగించడానికి వచ్చాడు. అప్పటినుంచి ప్రతి శనివారం కిరండోల్ పాసింజరు రైల్లో నా దగ్గరికి వచ్చి సోమవారం వెళ్ళిపోతాడు. వారం పొడుగునా నా దగ్గర ఉండేవి అతని మాసిన చొక్కాలే. ఉతికి, ఇస్త్రీ చేసి, వచ్చే సోమవారానికి సంచిలో పెట్టాలి. పెళ్ళి రిజిస్టరు చేయించుకుందామని నేనెప్పుడు అన్నా ఒకటే మాట. “కాగితం దేనికే, మనసుంటే చాలదా?” మొదట్లో ఆ మాట వింటే ఒళ్ళు పులకరించేది. తర్వాత్తర్వాత వంటగదిలో గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టాను. పిల్లల సంగతి ఎత్తితే, “కెనడా వెళ్ళాక చూద్దాం” అనేవాడు.

కెనడా పిచ్చి పట్టి రెండేళ్ళయింది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాలి, మార్కులొస్తే అక్కడి కాలేజీ సీటిస్తుంది, సీటొస్తే స్టడీ పర్మిట్, అంటే చదువుకోడానికి వీసా. శనివారం రాగానే పుస్తకాలు పరిచేవాడు. స్పీకింగ్‌కి ప్రశ్నలడిగేది నేను. వ్యాసాలు దిద్దేది నేను. ‘ఆడవాళ్ళు ఉద్యోగాలు చేయాలా’ అన్న వ్యాసంలో, చేయాలి, దానివల్ల భర్తకు సాయంగా ఉంటుంది అని రాశాడు. వాక్యంలో తప్పులు దిద్దాను. ఆలోచన దిద్దడానికి ఎర్రసిరా చాలదు.

విశాఖలో కన్సల్టెన్సీ అతనెవరో, భార్య మార్కులు కూడా ఉంటే మంచిదన్నాడట. “నువ్వూ రాసి ఉంచు. జీపుకి స్టెప్నీ ఉండదేటి, అలాగ” అన్నాడు. ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి స్టెప్నీ విలువ తెలుసు. అయినా ఆ మాట గుచ్చుకుంది. చదువుకోడానికి నాకు టైమెవరిచ్చారు? అతను వేసిన క్యాసెట్లే వంట చేస్తూ విన్నాను. అతని వ్యాసాలే దిద్దుతూ నేర్చుకున్నాను.

విశాఖలో స్పీకింగ్ పరీక్ష. చిన్న గది, ఎదురుగా నెరిసిన జుట్టు ఆవిడ. ఒక చీటీ నా ముందుకు జరిపింది. చిన్నప్పుడు మీకు ఎదురైన ఒక కష్టం గురించి చెప్పండి. “రెండు నిమిషాలు మాట్లాడండి, నేను మధ్యలో అడ్డురాను” అంది. ఆ మాటకే చీటీలోంచి తలెత్తి ఆవిణ్ణి చూశాను. ముప్పయ్యేళ్ళు వచ్చాయి, నేను రెండు నిమిషాలు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ ఏమీ అడక్కుండా, ఏమీ తెమ్మనకుండా విన్న రోజు ఒక్కటి గుర్తు రాలేదు. నన్ను ఒకటో తరగతిలో చేర్చాక మేష్టారు ఏడాదిపాటు మూగపిల్లననుకున్నారని చెప్పాను. మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. నాకు తెలుగు రాదు, అంతే. ఇప్పుడు నా క్లాసులో కూడా అలాంటి ‘మూగపిల్లలు’ ఏటా నలుగురైదుగురు వస్తారని, ఇంటిభాష వేరు, బడిభాష వేరు అయిన పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవాలని ఉందని చెప్పాను. అలా ఉందని నాకూ అప్పుడే తెలిసింది. బయటికి వచ్చాక బీచ్ రోడ్డు దాకా ఊరికే నడిచాను. కాళ్ళు ఒకచోట నిలవలేదు.

మార్కులు వచ్చాయి. తొమ్మిదికి అతనికి ఐదు. నాకు ఏడున్నర.

అతను ఆ కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు. “నీ ఎగ్జామినర్ లిబరల్ అయ్యుంటుంది” అన్నాడు. తర్వాత రెండు శనివారాలు రాలేదు. ఆ రెండు వారాలు చొక్కాలు ఉతకలేదు నేను. మూడో శనివారం రైలు దిగింది అతనొక్కడే కాదు, వెంట వాళ్ళమ్మ కూడా. ఆరేళ్ళలో ఆవిడ కొండెక్కడం అదే మొదటిసారి. ఒకసారి నేను శృంగవరపుకోట వెళ్ళినప్పుడు వీధరుగు మీదే కూచోబెట్టి, “ఆ కొండోల్ల గుంటకి ఏరే గలాసుతో మంచినీల్లివ్వండి” అని లోపలికి కేకేసిన మనిషి. ఇప్పుడు స్టీలు డబ్బాలో సున్నుండలు తెచ్చింది.

“కోడలా, నువ్వు మా ఇంటి లచ్చివే. మావోడు సదివించబట్టి గానీ, లేపోతే నీకింత ఇంగిలీసు ఏటొచ్చును? బేగి కాయితాలన్నీ సేసి ఆడ్ని కూడా తీసుకెల్లిపో అమ్మా.”

కోడలా అన్న మాటకు నా కళ్ళు తడిశాయి. ఆ తడికి నామీద నాకే ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశానా నేను? అవును, చూశాను.

కన్సల్టెన్సీ అతను మొత్తం వివరించాడు. కెనడాలో నాకు టీచర్ల చదువుకి సీటు వస్తుంది. గిరిజన విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పుంది, దానికి నా కులపత్రం కావాలి. బయటి చుట్టాల దగ్గర తను ఇన్నాళ్ళూ దాచిన నా కులం, ఇప్పుడు శివప్రసాద్ చేతిలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. నేను చదువుకుంటుంటే నా వెంట వచ్చిన భర్త అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. “పెళ్ళి సర్టిఫికెట్ ఒకటి పడేయండి చాలు. కొత్త పెళ్ళయితే వీసా ఆఫీసరు అనుమానపడతాడు, పాతది కావాలి” అన్నాడు.

పాతది ఎక్కడుంది? శివప్రసాద్‌కి ఒక ఉపాయం తోచింది. ఆదివాసీ పెళ్ళి కదా, ఊరిపెద్ద రాసిస్తే సరిపోతుందనుకున్నాడు. స్టాంపు కాగితం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, జీపెక్కి మా ఊరు వచ్చాడు.

మా వైపు ఆడామగా ముందు కలిసి ఉండటం తప్పు కాదు. కానీ దాన్ని పెళ్ళనరు. మగాడి తరఫువాళ్ళు వచ్చి, పిల్లనడిగి, తల్లికి ఆవునిచ్చి, ఊరందరికీ కూడు పెడితేనే పెళ్ళి. ఆ ఇచ్చేదాన్నే ఓలి అంటారు. మా అమ్మ సోములమ్మ మొదటి రెండేళ్ళూ ఆ కూడు కోసం సామలు దాచింది. మూడో ఏడు పురుగు పడితే కోళ్ళకు వేసేసింది. నేను ఒకసారి అడిగితే శివప్రసాద్ పగలబడి నవ్వాడు. “మా వాళ్ళు కట్నం తీసుకుంటారు గానీ ఎదురిస్తారేటే?”

ఊరిపెద్ద భీముడు తాత అరుగుమీద కూచుని చీపురు కట్టుకుంటున్నాడు. కాగితం చదివి వినిపించమన్నాడు. ఆరేళ్ళ కిందట, ఫలానా తేదీన, ఊరి ఆచారం ప్రకారం వివాహం జరిగినట్టు సాక్ష్యం. విని, చీపురు పక్కన పెట్టాడు.

“రాత్తాను బాబూ. కానీ ఆ కూడు ఊరు ఏ దినాన తిన్నాది?”

“అదికాదు తాతా, ఇది ఊరికే ఆఫీసు కోసం...”

“ఆవు ఎవులింటికొచ్చినాది? జీలుగు కల్లు ఎవులు తాగినారు? నానైతే తాగలేదు. తాగితే మరిసిపోను.”

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. శివప్రసాద్ మొహం ఎర్రబడింది. “రేపే పెడతాను భోజనం. ఊరందరికీ పెడతాను. తారీకు మాత్రం పాతది వేసి సంతకం పెట్టండి” అన్నాడు.

“రేపు తిన్న కూటికి రేపటి తారీకే ఏత్తాం బాబూ” అన్నాడు తాత, మళ్ళీ చీపురు అందుకుంటూ. “తినని కూటికి ఊరు ఎలాగ సాచ్చికం సెప్పుద్ది?”

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆరేళ్ళలో ఆవిడ అతనికి ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. “నా గుంట ఇంకా నా ఇంటి పిల్లే బాబూ. నువ్వు అడిగినావా, మేం ఇచ్చినామా?” అంది.

సిగ్గేసింది నాకు. ఊరందరి ముందు, నా ఆరేళ్ళు లెక్కలో లేవని తేలిపోయింది. తర్వాత తిరుగు జీపులో, మలుపు మలుపుకీ ఒళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే, ఆ సిగ్గు నాది ఎందుకవ్వాలి అనిపించింది. కూడు పెట్టనిది నేను కాదు. పక్కన అతను తిడుతూనే ఉన్నాడు, “అడివి మనుషులు, ఒక్క సంతకం పెట్టలేరు” అని. ఆ అడివి మనుషుల్లో నేనూ ఉన్నానని అతనికి గుర్తు లేదు.

మంగళవారం విశాఖలో, కన్సల్టెన్సీలో కూచున్నాం. మధ్యాహ్నం కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయింది. స్టడీ పర్మిట్ ఫారం నా ముందుంది. సర్టిఫికెట్ ఎవరో గుడిలోంచి పాత తారీకుతో తెచ్చిస్తారని ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. అబద్ధం బయటపడితే ఆగిపోయేది ఎవరి పర్మిట్? కింద సంతకం ఎవరిది? నన్నెవరూ అడగలేదు. “మ్యారీడ్ దగ్గర టిక్ పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను” అని చెప్పి శివప్రసాద్ టీ తాగడానికి కిందికి వెళ్ళాడు.

పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది. పెళ్ళయినవారు, కానివారు. ఆరేళ్ళ శనివారాలు కళ్ళముందు తిరిగాయి. అతనంటే ఇష్టం లేకపోలేదు. వర్షంలో తడిసి రైలు దిగిన మనిషి మొహం ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ భీముడు తాత చీపురు కట్టుకుంటూ చెప్పిన మాటకు మించిన సాక్ష్యం నా దగ్గరేముంది? కానివారు అన్న గడిలో టిక్ పెట్టి, కింద సంతకం చేశాను.

అతను తిరిగొచ్చి ఫారం చూశాడు. రెండోసారి చూశాడు. “ఇదేటే? ఏం సేత్తన్నావు నువ్వు? ఆరేళ్ళు నా మనసంతా నీకిస్తే...” అన్నాడు.

ఫారం అతని చేతిలోంచి మెల్లిగా తీసుకున్నాను.

“మనసుందా అని ఇందులో ఎక్కడా అడగలేదండీ. కాగితమే అడిగారు.”