రుమాలు కింద కుడిచెయ్యి

మా ఆడపడుచు ఇన్షిరాహ్‌లో ఒకే ఒక్క లోపం: ఏనాడూ పొరపాటు చెయ్యదు. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. అన్నం ముద్దయితే బియ్యానిది తప్పు, రైలు అందకపోతే రైలుది. అలాంటి మనిషికి పోయినేడు ఎవరో న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్ కోచ్ అని, అంటే మాటలతో మనసులోని భయాలు పోగొట్టే గురువని, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించింది.

ఆవిడ మొదటి పేషెంటు మా ఆయన వగ్దీ.

"పేషెంటు కాదు వదినా, క్లయింటు."

నలుగురిలో నోరు విప్పాలంటే మా ఆయనకు గుండెదడ, చెమటలు. అమ్మాయి నిశ్చితార్థం నాడు రెండు మాటలు చెప్పమంటే వెళ్లి బాత్రూములో గడియ పెట్టుకున్నాడు. ఇక ముందున్నది నికా. మా తంతా ఊళ్లో పెళ్లికూతురి తండ్రి అల్లుడి చెయ్యి పట్టుకుని, నికా రాసే మాజూన్ గారు పలికిన మాటలన్నీ హాలంతా వినేలా తిరిగి పలకాలి. పలకలేకపోతే ఆ పనికి మా ఆయన అన్న శుక్రీ బావగారున్నారు. అప్పుడే సూటు కూడా కుట్టించుకున్నారు.

మా అమ్మాయి షాహీనాజ్ మాత్రం వాళ్ల నాన్నతో ఒకటే మాట. "పెదనాన్న వద్దు బాబా. నీ గొంతే వినపడాలి."

వారానికి రెండు సాయంత్రాలు ఇన్షిరాహ్ అన్నగారిని మా సోఫాలో కూర్చోబెట్టేది.

"కళ్లు మూసుకో అన్నయ్యా. రాస్ అల్‌బర్ ఒడ్డున తెల్లవారుతోంది. గాలం వేశావు. అలలు వినపడుతున్నాయా?"

"పక్కింటివాళ్ల టీవీ వినపడుతోంది."

"అలలు!"

"సరే తల్లీ, అలలే."

మనసు బాగా కుదుటపడ్డ క్షణంలో కుడి బొటనవేలితో ఉంగరపు వేలి కణుపు నొక్కాలట. ఆ నొక్కుడే లంగరు. కొన్నాళ్లు అలా చేస్తే, తర్వాత కణుపు నొక్కగానే సముద్రం దానంతటదే వస్తుందట.

"వేళ్లు నొక్కుకుంటే భయం పోయేట్టయితే దర్జీలంతా సింహాలైపోవాలి," అన్నాను, క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతూ.

"నీదంతా ప్రతికూల భాష వదినా."

నిజం చెప్పాలంటే పని చేసింది. పళ్ల డాక్టరు కుర్చీలో మా ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఆఫీసులో లేచి నిలబడి మూడు నిమిషాలు మాట్లాడాడు. నేను నోరు మూసుకున్నాను. ఇన్షిరాహ్ మూసుకోలేదు.

నికా రోజున మసీదు హాలు నిండిపోయింది. బల్లకు ఈవల వగ్దీ, ఆవల పెళ్లికొడుకు హైసమ్, నడుమ మాజూన్ గారు. ఇద్దరి కుడిచేతులూ కలిపి, బొటనవేలికి బొటనవేలు ఆనించి, పైన తెల్ల రుమాలు కప్పారు. మైకు దగ్గరికి జరిపారు.

అప్పుడు చూశాను మా ఆయన ముఖం. లంగరు రుమాలు కింద ఉండిపోయింది. నొక్కాల్సిన బొటనవేలు అల్లుడి బొటనవేలికి అతుక్కుని ఉంది. నా పక్కనున్న ఇన్షిరాహ్ అన్నగారికి గుర్తు చేద్దామని తన కుడిచెయ్యి ఎత్తి, అలాగే ఆగిపోయింది. మేమంతా ఎన్ని పెళ్లిళ్లు చూసి ఉంటామో లెక్కలేదు. ఏ పెళ్లిలోనూ తండ్రి కుడిచెయ్యి ఖాళీగా లేదు.

"చెప్పండి," అన్నారు మాజూన్ గారు.

ఇంకోసారీ అన్నారు. శుక్రీ బావగారు కోటు బొత్తాం పెట్టుకుంటూ లేచారు. షాహీనాజ్ తల దించుకుంది.

వగ్దీ చూపు రుమాలు మీద పడింది. అది గజగజ వణుకుతోంది.

"వణికేది నువ్వా నాయనా, నేనా?" అన్నాడు మెల్లిగా.

"నేనే మామయ్యా. పొద్దుట్నించీ ఇదే వరస."

"హమ్మయ్య. నేనొక్కణ్ణే అనుకున్నా."

మైకు పక్కనే ఉంది కదా, హాలంతా గొల్లున నవ్వింది. మాజూన్ గారూ ఆపుకోలేకపోయారు. మా ఆయన బతుకంతా భయపడింది సరిగ్గా ఆ నవ్వుకే. అది వచ్చింది, అయిపోయింది, ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. గొంతు సవరించుకుని మాటలన్నీ పలికాడు. ఒకచోట తడబడి, వెనక్కి వెళ్లి మళ్లీ పలికాడు. శుక్రీ బావగారు బొత్తాం తీసి కూర్చున్నారు. షాహీనాజ్ కళ్లకాటుక చెంపల దాకా వచ్చింది.

ఆడవాళ్లు నాలుకలాడిస్తూ పెట్టే జగారీత్ సంబరపు కేకలతో హాలు మారుమోగుతుండగా, ఇన్షిరాహ్ షర్బత్ గ్లాసు పట్టుకుని నా చెవి దగ్గర ఏదో గొణిగింది.

"ఏమిటీ? వినపడలేదు," అన్నాను. వినపడింది.

"ఆ చెయ్యి ఖాళీగా ఉండదని నాకు తోచలేదు వదినా."

"ఈ గోలలో ఒక్క ముక్కా తెలీట్లేదమ్మా. గట్టిగా చెప్పు."

సరిగ్గా అప్పుడే కేకలు ఆగాయి.

"తప్పు నాదే అంటున్నా!" అని అరిచింది ఇన్షిరాహ్.