యేసోబు నోట నేను

నేను ఒక పొట్టి మాటను. ఇంగ్లీషులో రాస్తే నాలుగక్షరాలు, తెలుగులో రెండే. లైను.

నా పుట్టుక అవిసె మొక్కలో. లాటిను మాట్లాడినవాళ్లు అవిసె నారతో పేనిన దారాన్ని నా పూర్వరూపంతో పిలిచేవారు. ఆ దారాన్ని తాపీవాడు గోడ వంకర చూడటానికి లాగి పట్టాడు. పడవవాడు తాడన్నాడు. జాలరి గాలానికి కట్టాడు. తరువాత దారం లేకపోయినా నన్ను వదల్లేదు. కాగితం మీది గీత నేనే, అరచేతి గీత నేనే, సిపాయిల వరస నేనే. మనుషులకు కొత్త పేరు వెతకడం బద్ధకం. చేతిలో ఉన్నదాన్నే ఇంకో పనికి పెడతారు.

ఈ దేశానికి రైలు పట్టాల వెంటో, తంతి స్తంభాల వెంటో వచ్చాను. పల్నాడులో నన్ను ఎవరూ పరాయిదానిగా చూడలేదు. రేషను కొట్టు ముందు నేను. పోలీసుల ఇళ్లు నేను. పని కుదిరితే లైన్లో పడిందంటారు. కుర్రాడు ఎదురింటి పిల్ల వంక చూస్తే లైను వేస్తున్నాడంటారు. ఇన్ని వేషాలు వేసినా నాకు బరువనిపించలేదు, యేసోబు నోట్లో పడేదాకా.

యేసోబు కరెంటు లైన్‌మన్. అతని చెల్లెలు కరుణమ్మ మొగుడు ప్రభుదాసూ లైన్‌మనే. ఇద్దరిదీ ఒకే సబ్‌స్టేషను. స్తంభం ఎక్కేముందు అక్కడికి ఫోను చేసి కరెంటు ఆపించుకోవాలి. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడమంటారు. పనయ్యాక తిరిగి ఇవ్వాలి. ఎవరు తీసుకున్నది వాళ్లే, తమ నోటితోనే ఇవ్వాలని నియమం. బావాబావమరుదులు ఆ నియమాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశారు. ముందు దిగినవాడు ఇద్దరి తరఫునా చెప్పేసేవాడు. "మన నోరు ఒకటేగా బావా," అని యేసోబే నవ్వేవాడు.

ఆ రోజు ఇద్దరూ చెరో స్తంభం మీద ఉన్నారు. యేసోబు ముందు దిగాడు. మిరపనారు వాడిపోతోందని రైతు అంకయ్య గట్టు మీదే కూర్చుని ఉన్నాడు.

"పొద్దున తీసిన కరెంటు క్రిస్మస్‌కి ఇస్తావా ఏంది యేసోబూ?"

"ఇస్తా ఉండు పెద్దయ్యా. మా బావ కూడా దిగాల."

ఊళ్లోకి వస్తుంటే టీకొట్టు దగ్గర ప్రభుదాసు బండి కనబడింది. దిగి టీ తాగుతున్నాడనుకున్నాడు. ఆగి లోపలికి తొంగిచూస్తే సరిపోయేది. ఒక్క ఫోను చేసినా సరిపోయేది. బండి ఉంది కదా, మనిషీ ఉంటాడనుకున్నాడు. బండికి పొద్దుటే పంక్చరైంది. ప్రభుదాసు దాన్ని అక్కడ వదిలేసి పొలాలకు అడ్డంపడి నడిచి వెళ్లాడు. ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

యేసోబు ఆపరేటరు శేషయ్యకు ఫోను చేశాడు. "శేషన్నా, లైన్ ఇచ్చెయ్. మా ఇద్దరి పనీ అయిపోయింది."

అంత తేలిగ్గా నన్ను అతను ఎన్ని వందలసార్లు పలికాడో. ఇది కూడా అలాగే వెళ్లింది.

ప్రభుదాసు సమాధి దగ్గర జనం తోసుకుంటుంటే పాస్టరుగారు "లైన్లో వచ్చి మట్టి వేయండయ్యా" అన్నారు. యేసోబు చివర నిలబడ్డాడు. వంతు వచ్చింది. పిడికిలి తెరవలేకపోయాడు. ఆ మట్టి పట్టుకునే ఇంటికెళ్లాడు.

విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు దాచకుండా చెప్పాడు. ఉద్యోగంలోంచి నిలిపేశారు. కరుణమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మాట్లాడటం మానేసింది. అన్న గుమ్మంలోకి వస్తే లేచి లోపలికి వెళ్లేది. అన్నాచెల్లెళ్ల మధ్య మాట మళ్లీ కలుస్తుందా అన్నదే అతనికి మిగిలిన దిగులు. నన్ను నోటితో అనడం మానేశాడు. తప్పనిసరైతే తీగ అనేవాడు.

పద్నాలుగు నెలల తరువాత యేసోబును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. భర్త పోయినందుకు కరుణమ్మకు ఆ సబ్‌స్టేషనులోనే పనిచ్చారు. ఫోనెత్తి, ఎవరేమడిగారో పుస్తకంలో రాసి, శేషయ్యకు చెప్పడం ఆమె పని. అన్న పనిలోకి వచ్చిన మొదటి రోజు ఫోను చేస్తే ఆమే ఎత్తింది.

"చెప్పన్నా," అంది.

కరెంటు ఆపమన్నాడు. ఆపించింది. పని చేసుకుని దిగి, మళ్లీ చేశాడు.

"పనైందమ్మా."

"దిగావా?"

"దిగా."

"నేల మీద ఉన్నావా?"

"ఉన్నా."

"నీ ఒక్కడి మాటే చెబుతున్నావా, ఇంకెవరిదన్నా కలిపి చెబుతున్నావా అన్నా?"

యేసోబు తలెత్తి స్తంభం పైదాకా చూశాడు. "నా ఒక్కడిదే తల్లీ. లైన్ ఇవ్వు," అన్నాడు.

అలా ఆ నోట్లోంచి మళ్లీ బయటపడ్డాను. పొలాల్లో మోటార్లు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. ఆమె ఫోను పెట్టలేదు, అతనూ పెట్టలేదు. ఆమె ఊపిరి అతనికి వినబడుతోంది. చెల్లెలితో అతను అనాల్సిన మాట ఇంకొకటుంది. అది నేను కాదు. నా వెనకే వస్తుందేమోనని ఎదురుచూశాను.

రాలేదు. కాసేపటికి ఆమే ఫోను పెట్టేసింది.